బాల్యపు రికార్డు, తుపాకీ దుకాణం

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన్ని ఈ ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ప్లీడరుగారు అనే అన్నారు. నేనూ అలాగే అంటాను. ఆయన పెద్ద కేసుల ప్లీడరు కాదు. సైకిలు ఎత్తుకుపోయిన పిల్లలు, జాతరలో జేబు కొట్టిన పిల్లలు, కొట్లాటలో రాయి విసిరి ఎవరి తలో పగలగొట్టిన పిల్లలు ఆయన క్లయింట్లు. ఫీజు ఇస్తే పుచ్చుకున్నారు, ఇవ్వకపోతే అడగలేదు. ఆయన బీరువాలో మన చట్టాల పుస్తకాల పక్కనే అమెరికా సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన గాల్ట్ తీర్పు ప్రతి ఉండేది. దాని అంచుల నిండా పెన్సిలు రాతలే. ఆ తీర్పు దగ్గరికి కాసేపట్లో వస్తాను.

విషయం ఎంచుకునే పని నిర్వాహకులు నాకే వదిలేశారు. అమెరికాలో తుపాకీ కొనడానికి వచ్చిన 18 నుంచి 20 ఏళ్ల కుర్రవాడి చిన్నప్పటి కోర్టు కాగితాలు తిరగేయవచ్చా, తిరగేస్తే ఎంతవరకు? ఇదీ నా విషయం. ఎక్కడి తుపాకీ, ఎక్కడి మనం అనుకోకండి. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో కొడుకో కూతురో మనవడో అక్కడ లేని ఇల్లు తక్కువ. స్టూడెంటు వీసా మీదో హెచ్‌-1బి మీదో ఉన్నవారు తుపాకీ కొనడాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. వేట లైసెన్సు ఉన్నవారికి, మరికొందరికి మినహాయింపులున్నాయి. డాలస్‌లో ఏళ్ల తరబడి పన్ను కట్టిన తండ్రి, గ్రీన్‌కార్డు చేతికి రానంతవరకు, మామూలుగా అయితే రైఫిలు కొనలేడు. అక్కడే పుట్టిన కొడుకు అక్కడి పౌరుడు. టెక్సస్‌లో 18 నిండగానే వాడు కొనగలడు. అదే కొడుకు 14వ ఏట ఏదో తెలివితక్కువ పని చేసి జువెనైల్ కోర్టు మెట్లెక్కి ఉంటే, ఆ కాగితానికీ ఈ కొనుగోలుకీ ఉన్న లంకె ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. లాయర్లలోనూ అందరికీ తెలుస్తుందని చెప్పలేను.

ముందు దుకాణంలో ఏం జరుగుతుందో చూద్దాం. ఫెడరల్ లైసెన్సున్న డీలరు దగ్గరికి వెళ్ళినవాడు 4473 నంబరు ఫారం నింపాలి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అయ్యాక ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాదికి మించి జైలు పడదగ్గ నేరంలో శిక్ష పడిందా, మాదకద్రవ్యాలు వాడుతున్నారా, ఉత్తర్వు మీద మానసిక చికిత్సాలయంలో చేర్చారా, గృహహింస కేసు ఉందా, ఇలా సాగుతాయి. తెలిసి అబద్ధం రాస్తే అదే ఒక నేరం. డీలరు ఆ వివరాలను ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే తనిఖీ వ్యవస్థకు పంపుతాడు. కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్ర పోలీసుల ద్వారా పంపుతాడు. నిక్స్ కార్యాలయం వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌లో ఉంది. 1981లో రీగన్‌పై కాల్పులు జరిగినప్పుడు తలకు గుండు తగిలిన ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రాడీ పేరుతో 1993లో వచ్చిన చట్టం కింద, 1998 నవంబరు 30న అది పని మొదలుపెట్టింది. అక్కడి నుంచి వచ్చే జవాబులు మూడే: ప్రొసీడ్, డిలే, డినై. ఎక్కువమందికి నిమిషాల్లో ప్రొసీడ్ వస్తుంది. డిలే వచ్చి, మూడు పనిదినాల్లో సంగతి తేలకపోతే డీలరు తన బాధ్యత మీద అమ్మేయవచ్చు. 2015 జూన్‌లో చార్లెస్టన్ చర్చిలో బైబిలు చదువుకుంటున్న తొమ్మిది మందిని చంపినవాడికి తుపాకీ ఇలాగే దొరికింది. వాడి మాదకద్రవ్యాల కేసు ఏ పోలీసు శాఖ దగ్గరుందో వెతుక్కునేలోపే గడువు దాటిపోయింది.

ఈ తనిఖీ మొత్తం పెద్దల రికార్డుల మీద కట్టిన కట్టడం. పిల్లల కోర్టు కాగితాలు ఆ పునాదిలో లేవు. ఎవరో మరచిపోయి వదిలేయలేదు. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం శిక్షితులను అడ్డుకుంటుంది. ఎవరు శిక్షితుడు అన్నది ఆ కేసు నడిచిన రాష్ట్రపు చట్టమే చెబుతుంది. చాలా రాష్ట్రాల చట్టాల్లో జువెనైల్ కోర్టు తప్పు నిర్ధారించిన పిల్లవాడు శిక్షితుడు కాడు. పిల్లవాడిని పెద్దల కోర్టుకు బదిలీ చేసి విచారిస్తే మాత్రం లెక్క వేరు. ఆ శిక్ష పెద్దవాడి శిక్షే, దాని నిషేధం జీవితాంతం ఉంటుంది.

ఎందుకిలా అన్నది తెలియాలంటే షికాగో వెళ్ళాలి. లూసీ ఫ్లవర్, హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో పనిచేసిన జూలియా లేత్రాప్ వంటి మహిళల పట్టుదల వల్ల ఇల్లినాయ్ రాష్ట్రం 1899లో ఒక చట్టం చేసింది. కుక్ కౌంటీలో ప్రపంచంలోనే మొదటి జువెనైల్ కోర్టుగా చెప్పుకునేది అప్పుడు ఏర్పడింది. అంతకుముందు పదేళ్ల పిల్లలు కూడా పెద్ద నేరస్థులున్న జైళ్లలోనే పడుండేవారు. కొత్త కోర్టులో జడ్జి తండ్రి స్థానంలో కూర్చుంటాడన్నారు. నేరారోపణ లేదు, శిక్ష అన్న మాటే లేదు. పిల్లల కేసులకు వేరే పుస్తకం పెట్టారు. ఆ పుస్తకాన్ని బయటివాళ్ళు చూడకుండా చేసే రక్షణలు తరవాతి దశాబ్దాల్లో ఒక్కొక్కటిగా, రాష్ట్రానికొక తీరుగా వచ్చాయి. దీన్ని నేను బేరం అంటాను. పిల్లవాడు కొన్ని హక్కులు వదులుకున్నాడు. బదులుగా రాజ్యం వాడి తప్పును మడిచి లోపల పెడతానంది. వాడిని ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ బేరంలో పిల్లవాడి వాటా ఎంత చిక్కిపోయిందో గాల్ట్ కేసు చూపించింది. 1964లో అరిజోనాలో ఒక 15 ఏళ్ల కుర్రవాడు పొరుగింటావిడకు ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడని పట్టుకెళ్లారు. తల్లిదండ్రులు పనిలో ఉన్నారు, వాళ్లకు కబురు లేదు. విచారణలో లాయరు లేడు, ఫిర్యాదు చేసినావిడ కోర్టుకే రాలేదు, ఎవరు ఏమన్నారో రాసినవాడు లేడు. జడ్జి వాడిని 21వ ఏడు వచ్చేదాకా ఇండస్ట్రియల్ స్కూలులో ఉంచమన్నాడు. అదే పని పెద్దవాడు చేసి ఉంటే 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా రెండు నెలలకు మించని జైలు. తండ్రి స్థానంలో కూర్చున్న జడ్జి చేసిన పని ఇది. 1967 మే 15న సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ ఏబ్ ఫోర్టాస్ రాసిన తీర్పు, పిల్లవాడికి ఆరోపణ ముందుగా తెలియాలంది, లాయరు ఉండాలంది, సాక్షిని ప్రశ్నించే హక్కు ఇచ్చింది, తనకు వ్యతిరేకంగా తానే నోరు విప్పనక్కర్లేదంది. మూడేళ్లకు విన్‌షిప్ కేసులో, సందేహానికి తావులేని రుజువు పిల్లలకూ కావాలన్నారు. ఆ తరవాత ఆగిపోయారు. 1971లో మెక్‌కీవర్ కేసులో పిల్లలకు జ్యూరీ విచారణ రాజ్యాంగ హక్కు కాదన్నారు. జ్యూరీ వస్తే ఇది కూడా పెద్దల కోర్టులా మారుతుంది, దీని ఆంతరంగికత పోతుంది అన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

ఈ మెక్‌కీవర్‌ను గుర్తుపెట్టుకోండి. పిల్లవాడికి జ్యూరీ ఇవ్వనప్పుడు ఇది శిక్షాకోర్టు కాదు అన్నారు. ఇప్పుడు రాజ్యాంగంలో రాసిన ఒక హక్కును తీసేయడానికి అదే కోర్టు కాగితాన్ని బయటికి తీయాలంటున్నారు. ఇచ్చేటప్పుడు ఒక కొలపాత్ర, పుచ్చుకునేటప్పుడు ఇంకొక కొలపాత్ర వాడే వ్యాపారి మన ఊళ్ళ సంతల్లోనూ కనిపిస్తాడు. తుపాకీ హక్కు అంటే నాకు ప్రత్యేకమైన మోజు లేదు. మన దేశంలో అది హక్కే కాదు, 21 ఏళ్లు నిండనివారికి మామూలుగా లైసెన్సు కూడా రాదు. ఆ దేశం దాన్ని హక్కుగా రాసుకుంది కాబట్టి, తీసేసే పద్ధతి కూడా హక్కును తీసేసే పద్ధతిలోనే ఉండాలి.

ఫెడరల్ చట్టంలోనే ఒక తమాషా ఉంది. మూడుసార్లు తీవ్రమైన నేరాలు చేసి, ఆపైన తుపాకీతో పట్టుబడ్డవాడికి శిక్ష బాగా పెంచే నిబంధన ఒకటుంది. ఆయుధంతో చేసిన హింసాత్మకమైన బాల్య నేరాన్ని కూడా ఆ లెక్కలో పాత శిక్షగానే చూడమని అందులో రాసి ఉంది. అంటే అదే కాగితం తుపాకీ కొనేటప్పుడు శిక్ష కాదు, పట్టుబడ్డాక శిక్షే. రాష్ట్రాలది తలో దారి. కాలిఫోర్నియాలో కొన్ని నేరాలకు జువెనైల్ కోర్టు తప్పు నిర్ధారిస్తే 30 ఏళ్లు వచ్చేదాకా తుపాకీ ముట్టకూడదు. పెన్సిల్వేనియాలో ఒక తరగతి నేరాలకు తీర్పు నుంచి 15 ఏళ్లో, లేక 30వ ఏడు వచ్చేదాకానో, ఏది ముందైతే అది. అంతకంటే తీవ్రమైనవాటికి ఆ గడువు వర్తించదు.

1990లలో ఈ కాగితాలు తెరవాలన్న ఊపు ఒకసారి వచ్చింది. దయాదాక్షిణ్యాలు తెలియని కొత్త తరం బాలనేరస్థులు వీధుల మీద పడబోతున్నారని 1995లో జాన్ డియూలియో అనే ప్రొఫెసర్ హెచ్చరించాడు. రాష్ట్రాలు వరసపెట్టి చట్టాలు మార్చాయి, పిల్లల్ని పెద్దల కోర్టులకు పంపాయి, రికార్డుల మీద ముసుగు తీశాయి. ఆ ఉప్పెన రాలేదు. బాలల హింసాత్మక నేరాలు ఆ దశాబ్దం మధ్య నుంచి తగ్గుముఖం పట్టాయి. ప్రొఫెసర్ కూడా తన జోస్యం తప్పిందని తరవాత ఒప్పుకున్నాడు. చట్టాలు మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి.

ఇక 2022. మే 14న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో, నల్లజాతివారు ఎక్కువగా వచ్చే టాప్స్ సూపర్‌మార్కెట్‌లో ఒక 18 ఏళ్లవాడు పది మందిని చంపాడు. పది రోజులకు టెక్సస్‌లోని యువాల్డీలో, రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో మరో 18 ఏళ్లవాడు 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపాడు. ఇద్దరూ రైఫిళ్లు దొంగిలించలేదు, దుకాణంలో కొన్నారు. యువాల్డీవాడు 18 నిండిన మర్నాడు ఒకటి, మూడు రోజులకు ఇంకొకటి కొన్నాడు. పిస్తోలు లైసెన్సు డీలరు దగ్గర కొనాలంటే 21 నిండాలన్నది 1968 నుంచి ఉన్న నియమం. రైఫిలుకు 18 చాలు. ఈ మూడేళ్ల సందులో ఏదో ఒకటి చెయ్యాలన్న ఒత్తిడి పెరిగింది. వయసు 21కి పెంచడానికి సెనేట్‌లో ఓట్లు లేవు. కనెక్టికట్ డెమొక్రాట్ క్రిస్ మర్ఫీ, టెక్సస్ రిపబ్లికన్ జాన్ కార్నిన్ కూర్చుని ఒక మధ్యేమార్గం తేల్చారు. సెనేట్ దాన్ని 65-33తో ఆమోదించింది. జూన్ 25న బైడెన్ సంతకం చేశారు.

ఆ చట్టం ప్రకారం 21 లోపువాడు తుపాకీ కొనడానికి వస్తే నిక్స్ మూడు తలుపులు తట్టాలి: రాష్ట్రపు జువెనైల్ రికార్డుల భాండారం, మానసిక చికిత్స ఉత్తర్వుల రికార్డులు ఉంచే రాష్ట్ర కార్యాలయం, కుర్రవాడి ఊరి పోలీసులు. అనుమానించదగిన బాల్య రికార్డు కనిపిస్తే మూడు పనిదినాల గడువు పదికి పెరుగుతుంది. అమ్మకూడనివారి జాబితాలో బాల్యంలో జరిగినదాన్ని కూడా చేర్చుతూ ఒక మాట కలిపారు. అదే చేత్తో, చికిత్సాలయంలో చేర్చిన ఉత్తర్వు 16 ఏళ్లు నిండాక వచ్చినదై ఉండాలన్నారు. అంటే ఒక తలుపు తెరిచి, ఇంకొకటి ఓరగా మూశారు. బేరసారాలతో పుట్టిన చట్టంలో ఇలాంటి అతుకులు తప్పవు.

తలుపు తట్టినంత మాత్రాన లోపలివాళ్ళు తీయాలని లేదు. ఇలాంటి తనిఖీ పని చేసిపెట్టమని రాష్ట్రాల షెరీఫులను ఫెడరల్ ప్రభుత్వం ఆదేశించజాలదని 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. మోంటానాలోని ఒక షెరీఫు వేసిన కేసు అది. అందువల్ల క్లార్క్స్‌బర్గ్ అడుగుతుంది. కొన్ని రాష్ట్రాలు ఇస్తాయి, కొన్నిటి చట్టాలు బాల్య రికార్డును బయటికి ఇవ్వనివ్వవు, కొన్నిచోట్ల ఆ కాగితం కౌంటీ గుమస్తా అరలోనే ఉండిపోతుంది. ఒకే రకం తప్పు చేసిన ఇద్దరు కుర్రవాళ్ళలో ఒకడికి తుపాకీ రావడం, ఇంకొకడికి రాకపోవడం వాళ్ళ ప్రవర్తనను బట్టి కాదు, చిన్నప్పుడు ఏ కౌంటీలో ఉన్నారన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఇప్పుడు నాకు ఇబ్బంది కలిగించే ప్రశ్న. ఈ రికార్డులు ముందే తెరిచి ఉంటే ఆ రెండు ఘోరాలు ఆగేవా? యువాల్డీవాడికి నేర చరిత్ర లేదు. బఫెలోవాడు 17వ ఏట స్కూల్లో అడిగిన ప్రశ్నకు జవాబుగా హత్య, ఆత్మహత్య అని రాశాడు. పోలీసులు ఆస్పత్రికి పంపారు, డాక్టర్లు పరీక్షించి ఇంటికి పంపేశారు. కోర్టు ఉత్తర్వు లేదు కాబట్టి నిషేధం లేదు. ప్రమాదకరమైన వ్యక్తి నుంచి తుపాకీ దూరంగా ఉంచమని కోర్టును కోరే రెడ్ ఫ్లాగ్ చట్టం అప్పటికే న్యూయార్క్‌లో ఉంది. దాన్ని ఎవరూ వాడలేదు. అంటే 2022 చట్టంలోని మూడు తలుపుల్లో ఊరి పోలీసుల తలుపుకి కొంత పని ఉండేదేమో గాని, జువెనైల్ కోర్టు తలుపు వెనక ఈ ఇద్దరి గురించి ఏమీ లేదు.

రికార్డు ఉండీ పనికిరాని సంగతి ఇంకా పాతది. కొలంబైన్ హైస్కూలు కాల్పులు 1999 ఏప్రిల్ 20న జరిగాయి. ఆ ఇద్దరు కుర్రవాళ్ళు 1998 జనవరిలో ఒక వ్యాను అద్దం పగలగొట్టి సామాను దొంగిలించి పట్టుబడ్డారు. జువెనైల్ డైవర్షన్ అనే కార్యక్రమంలో చేర్చారు. సమాజసేవ, కౌన్సెలింగు, నష్టపరిహారం అన్నీ బుద్ధిగా చేశారు. అధికారులు మెచ్చుకుంటూ రిపోర్టు రాసి 1999 ఫిబ్రవరిలో, గడువుకన్నా ముందే వదిలేశారు. రెండున్నర నెలలకు స్కూల్లో పదమూడు మందిని చంపారు. (తీవ్రంగా గాయపడి చక్రాల కుర్చీలో బతికిన ఒక విద్యార్థిని 2025లో మరణించాక ఆ లెక్క పద్నాలుగు అయింది.) డైవర్షన్‌ను బుద్ధిగా పూర్తిచేసినవాడి మీద తప్పు నిర్ధారణే మిగలదు, ఈనాటి చట్టం ప్రకారం తిరగేసినా ఆ కాగితంలో కనిపించేది మంచి మార్కులే. పైగా వాళ్ళు దుకాణం గడప తొక్కలేదు. మూడు పొడవాటి తుపాకుల్ని 18 నిండిన ఒక స్నేహితురాలు గన్ షోలో ప్రైవేటు అమ్మకందారుల దగ్గర కొనిపెట్టింది, నాలుగోది ఒక పరిచయస్థుడు అమ్మాడు. ఎక్కడా తనిఖీ లేదు. గన్ షోల్లో అమ్మకాలకు తనిఖీ తప్పనిసరి చేస్తూ కొలరాడో ఓటర్లు 2000 నవంబరులో ఒక నిబంధన నెగ్గించుకున్నారు. దేశమంతటికీ అలాంటి నియమం ఈనాటికీ లేదు. జువెనైల్ రికార్డు మీద జరిగే ఇంత పెద్ద చర్చకు పక్కనే, తాళం లేని ఆ పెరటి గుమ్మం తెరిచే ఉంది.

రికార్డు లేకపోవడం ఒక చిక్కు. ఉన్న రికార్డే తప్పయితే? పెన్సిల్వేనియాలోని లుజర్న్ కౌంటీ సంగతి ఇక్కడి విద్యార్థులు తప్పకుండా చదవాలి. విల్క్స్-బారె పట్టణంలో మార్క్ చవరెల్లా అనే జడ్జి ఏళ్ల తరబడి జువెనైల్ కోర్టు నడిపాడు. పిల్లల్ని ఇంత కఠినంగా దండించే జడ్జి దొరకడం అదృష్టమని స్కూళ్ల వాళ్ళు కూడా మెచ్చుకున్నారు. అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌ను వెక్కిరిస్తూ మైస్పేస్‌లో పేజీ పెట్టిన ఒక అమ్మాయిని బాలనేరస్థుల క్యాంపుకి పంపాడు. విచారణ అంటే కొన్ని నిమిషాలే. సగానికి సగం మంది పిల్లల పక్కన లాయరు లేడు. లాయరు వద్దని వాళ్ళ చేత, వాళ్ళ అమ్మానాన్నల చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకునేవారు. ఆ తరవాత అసలు సంగతి బయటపడింది. చవరెల్లా, సహ జడ్జి మైకేల్ కోనహన్ కలిసి, పిల్లల్ని పంపుతున్న ప్రైవేటు నిర్బంధ గృహాలతో సంబంధమున్న వాళ్ళ దగ్గర 20 లక్షల డాలర్లకు పైగా తీసుకున్నారు. కంచే చేను మేసింది. 2009 అక్టోబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు వేలాది మంది పిల్లల తీర్పులు కొట్టేసి, రికార్డులు చెరిపేయమంది. 2011లో చవరెల్లాకు 28 ఏళ్లు, కోనహన్‌కు పదిహేడున్నర ఏళ్లు శిక్ష పడింది.

అవినీతి మరకను పక్కన పెడదాం. జడ్జీలు డబ్బు తీసుకోకపోయినా, లాయరు లేని పిల్లవాడి మీద కొన్ని నిమిషాల్లో వచ్చిన ఆ తీర్పు కాగితం చూడడానికి మిగతావాటిలాగే ఉండేది. క్లార్క్స్‌బర్గ్‌లో కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగికి నేరం పేరు, తేదీ, ఫలితం కనిపిస్తాయి. ఆ రోజు ఆ గదిలో ఎవరు మాట్లాడారో, ఎవరిని మాట్లాడనివ్వలేదో కనిపించదు. దీనికి తోడు, అమెరికాలో నల్లజాతి పిల్లలు తమ జనాభాకు మించిన పాలులో జువెనైల్ కోర్టులకు చేరుతున్నారన్నది అక్కడి ప్రభుత్వ లెక్కలే ఏటా చెబుతున్న సంగతి. పోలీసు జీపు ఎక్కువగా తిరిగే వీధిలోనే రికార్డులూ ఎక్కువగా పుడతాయి. బఫెలోలో నల్లవారిని చంపినవాడి మీద రికార్డు లేదు. వాడిని ఆపడానికని తెచ్చిన తనిఖీ బరువు, చనిపోయినవాళ్ళ వీధిలోని పిల్లల మీద ఎక్కువ పడే వీలుంది.

ఇంత చెప్పినా, రికార్డు ముట్టుకోవద్దు అనేవాళ్ళలో నేను లేను. 16 ఏళ్ల వయసులో తుపాకీ చూపించి దోపిడీ చేసినవాడు, లాయరు పక్కనుండగా, సాక్ష్యాలు విని జడ్జి తప్పు నిర్ధారించినవాడు, 18 నిండగానే దుకాణానికి వచ్చి రైఫిలు అడిగితే, రెండేళ్ల కిందటి సంగతి మాకు తెలియదు అనడం మర్యాద కాదు, మూర్ఖత్వం. 2023 మేలో టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో హైదరాబాదు నుంచి వెళ్ళిన మన ఇంజనీరు అమ్మాయి ఒకరు. ఆ తల్లిదండ్రుల ఎదుట నిలబడి పిల్లల రికార్డుల పవిత్రత గురించి ఉపన్యాసం చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ కాల్చినవాడికి 33 ఏళ్లు, జువెనైల్ రికార్డుతో పని లేదు అన్నది నిజమే. 2017లో కాన్సాస్‌లోని ఓలేతేలో మన ఇంజనీరును కాల్చినవాడికి 51. తెలుగువారిని బలిగొన్న, మనందరికీ తెలిసిన ఆ రెండు ఘటనల్లోనూ ఈ చట్టం దేన్నీ ఆపేది కాదు. కాని మన పాలిట జరిగినదాన్ని బట్టే చట్టాన్ని కొలవడం కూడా సరికాదు.

నా మాట ఇది. రికార్డును అడగవచ్చు. ఒక్క ప్రశ్నే అడగాలి: హింసకో ఆయుధానికో సంబంధించి నిర్ధారణ అయిన తప్పు ఉందా, లేదా. జవాబు ఔను, కాదు అనే రావాలి. ప్రొబేషన్ అధికారి రాసిన ఇంటి గొడవలు, స్కూలు సస్పెన్షన్లు, డాక్టరు నోట్లు దుకాణం వైపు కదలకూడదు. నిషేధానికి గడువు ఉండాలి, గడువు తీరాక హక్కు దానంతటదే తిరిగి రావాలి. అర్జీ పెట్టుకో, ఫీజు కట్టు, లాయరును పెట్టుకో అంటే అది డబ్బున్నవాడికి మాత్రమే వస్తుంది. తీర్పు నాడు పిల్లవాడికి లాయరు లేకపోతే ఆ కాగితం అసలు లెక్కలోకి రాకూడదు. లాయరు వద్దని పిల్లవాడే సంతకం పెట్టాడన్నా సరే. లుజర్న్ చూశాక ఆ సంతకానికి విలువ ఇవ్వలేను.

ఇది గాలిలో మేడ కాదు. లాయరు లేకుండా పడిన శిక్ష చెల్లదగ్గది కాకపోయినా, దాన్ని కొట్టేయించుకోనంతవరకు తుపాకీ నిషేధానికి పనికొస్తుందని 1980లో లూయిస్ కేసులో సుప్రీంకోర్టు అంది. నా వాదనకు అది పెద్ద అడ్డంకే. కాని 1996లో గృహహింస కేసుల్లో శిక్ష పడినవారికి తుపాకీ నిషేధించినప్పుడు కాంగ్రెస్ వేరే దారి పట్టింది. నిందితుడికి లాయరు ఉండి ఉండాలి, లేదా తెలిసి వదులుకుని ఉండాలి. జ్యూరీ హక్కు ఉన్నచోట జ్యూరీ విచారించి ఉండాలి లేదా దాన్నీ తెలిసి వదులుకుని ఉండాలి. లేకపోతే ఆ శిక్ష లెక్కలోకి రాదని చట్టంలోనే రాసింది. భార్యను కొట్టిన పెద్దవాడికి ఇచ్చిన ఆ జాగ్రత్తను పిల్లవాడికి ఎందుకు ఇవ్వలేదని అడగడానికి రాజ్యాంగ పాండిత్యం అక్కర్లేదు. సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రూయెన్, రహీమీ తీర్పుల తరవాత తుపాకీ ఆంక్షలను దేశ చరిత్రలోని ఆనవాయితీతో పోల్చి చూడమంటున్నారు. ఆయుధ హక్కు రాజ్యాంగంలో చేరిన 1791లో జువెనైల్ కోర్టే లేదు కదా అనే చిక్కులోకి నేను ఇవాళ దిగను; అది ఇంకో సాయంత్రం పని.

మన చట్టం సంగతి ఒక్క మాట. 2015 నాటి మన జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షను, తప్పు నిర్ధారణ వల్ల పిల్లవాడికి అనర్హత అంటకూడదని, తగిన కాలం గడిచాక రికార్డు నాశనం చేయాలని చెబుతుంది. 16 నిండి ఘోరనేరంలో పెద్దవాడిలా విచారణ ఎదుర్కొన్నవాడికి ఆ రక్షణ లేదు. అటు వెళ్ళే కుటుంబాలకు మరో హెచ్చరిక: అమెరికా పౌరసత్వ దరఖాస్తు, సీలు వేసిన, చెరిపేసిన రికార్డుల సంగతి కూడా రాయమంటుంది. జువెనైల్ తీర్పు ఇమిగ్రేషన్ చట్టంలో శిక్షగా లెక్కకు రాకపోయినా సరే, దాచిపెట్టడం వేరే తప్పవుతుంది. సీలు వేశారు కదా, ఇక లేనట్టే అని అబ్బాయికి ఎవరో చెప్పిన మాట నమ్మి అక్కడ ఖాళీ వదిలేయకండి.

2022 చట్టంలోని ఈ మూడు తలుపుల ఏర్పాటుకు 2032 సెప్టెంబరు 30న గడువు తీరుతుంది. అప్పుడు కాంగ్రెస్ దాన్ని కొనసాగించాలో వద్దో తేల్చుకోవాలి. ఎన్ని అమ్మకాలు ఆపామన్న ఒక్క అంకె పట్టుకుని రెండు పక్షాలూ కొట్టుకుంటే ఏమీ తేలదు. ఆగిన ప్రతి అమ్మకం ఏ కాగితం వల్ల ఆగింది, జువెనైల్ కోర్టు తీర్పు వల్లనా, చికిత్సాలయ ఉత్తర్వు వల్లనా, ఊరి పోలీసుల సమాచారం వల్లనా, ఏ రాష్ట్రం నుంచి జవాబు వచ్చింది, ఏది రాలేదు అన్నది పేర్లు లేకుండా పట్టికగా ప్రచురించాలి. తీర్పు నాటికి పిల్లవాడి వయసెంత, పక్కన లాయరున్నాడా అనే రెండు గడులు ఆ పట్టికలో ఉండాలి. ఆ రెండూ కౌంటీ గుమస్తా దగ్గరున్న కేసు ఫైలు మొదటి పేజీల్లోనే దొరికేవి.